అమ్జద్ రక్తంలో రెండు నడుములు

అబద్ధాలాడడంలో మా తాండూరులో నన్ను మించినవాడు లేడు. ధారూర్ స్టేషన్లో చిరుతపులి నా పక్కన కూర్చుని రైలు కోసం ఎదురుచూసిందని చెప్తే సగం వీధి నమ్మింది. అమ్జద్‌కు మాత్రం ఆ విద్య రాదు.

అమ్జద్ మా పక్కింటివాడు. తండ్రి బండల పాలిష్ మిషన్ మీద బతికాడు. ఆ దుమ్ము వద్దనుకుని కొడుకు పైపుల వెల్డింగును గామా కిరణాలతో ఫోటో తీసే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. చేర్పించింది నవాబుపేట బాల్‌రాజ్. వాళ్ల ఇనుప పెట్టెలో కిరణాలు చిమ్మే గోరంత బిళ్ల ఉంటుంది. బాల్‌రాజ్ దూరంగా నిలబడి చక్రం తిప్పితే, తీగ చివర ఆ బిళ్ల గొట్టంలోంచి పైపు దాకా వెళ్లాలి. ఫిల్ము మీద వెల్డింగు పడ్డాక మళ్లీ పెట్టెలోకి రావాలి.

ఒంటికి ఎంత కిరణం తాకిందో కొలిచే బ్యాడ్జి ప్రతివాడి చొక్కాకూ ఉండాలి. అది ఎక్కువ చూపిస్తే కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెడతారు. అందుకని పనిలోకి దిగేముందు అందరూ బ్యాడ్జీలు తీసి టిఫిన్ డబ్బాల్లో పెట్టేవారు. ఏళ్ల తరబడి ఆ డబ్బాలు మంచి ఆరోగ్యంతో ఉన్నాయి.

ఒక వానాకాలం మధ్యాహ్నం బిళ్లను తీగకు పట్టి ఉంచే కొక్కెం ఊడి బిళ్ల గొట్టంలోనే ఉండిపోయింది. కిరణాలను పసిగట్టే మీటరులో బ్యాటరీ లేదు. బాల్‌రాజ్ చూసుకోకుండానే రమ్మని సైగ చేశాడు. అమ్జద్ వెళ్లి గొట్టం పక్కనే కూర్చుని ఫిల్ములు విప్పాడు. సాయంత్రానికి వాంతులు. తప్పు తెలిశాక బాల్‌రాజ్ పొడవాటి పటకారుతో బిళ్లను పెట్టెలోకి తోసి, కొక్కెం మళ్లీ తగిలించి, "ఎవ్వలకు చెప్పకురా, నా లైసెన్సు పోతది" అన్నాడు.

ఇవేవీ అప్పటికి నాకు తెలియవు. మామూలు పరీక్షలో అమ్జద్ తెల్లకణాలు తగ్గాయి. బ్యాడ్జి చూస్తే సున్నా. వికారాబాద్ డాక్టరు రెబెక్కకు అనుమానం వచ్చి రక్తాన్ని హైదరాబాద్ ల్యాబుకు పంపింది. ఫలితం వచ్చిన రోజు, నా కాన్వెంటు ఇంగ్లీషు పనికొస్తుందని అమ్జద్ నన్నూ రైలెక్కించాడు. అవసరం పడలేదు. రెబెక్క తెలుగులోనే చెప్పింది.

"క్రోమోజోముకు నడుము ఒక్కటే ఉంటది. నీ రక్తకణాల్ల కొన్నిట్ల రెండేసి నడుములున్నయి. రెండు క్రోమోజోములు ఇరిగి, దీని ముక్క దానికి అతుక్కున్నది."

"నాకు ఒక్క నడుమే సక్కగ నిలుస్తలేదమ్మా, వీనికి రెండా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"అమ్జద్, సక్కగ చెప్పు. దెబ్బ ఒక్కసారే తాకిందా, ఏండ్ల సంది కొంచెం కొంచెం తాకిందా? మీ నాయినది బండల పనే గదా. రెండు బండలు ఒక్కపారే పగిలితే, తొందరల దీని ముక్క దానికి పెడ్తరు. ఇయ్యాల ఒకటి, వచ్చే నెల ఒకటి పగిలితే, దేని ముక్క దానికే కుదురుతది. కణం గూడ గంతే. మెల్లగ తాకితే బాగుచేసుకోనీకి టైముంటది. మెల్లగ తాకి గూడ ఇన్ని రెండు నడుములు వచ్చినయంటే, నీ ఒంట్లకు మస్తు పోయినట్టు. మళ్ల గా పనికి పంపను. ఒక్కసారే తాకిందంటే, పోయింది తక్కువ. కానీ పెట్టెల ఏదో ఖరాబైనట్టు. దాన్ని బంద్ పెట్టిస్త."

అమ్జద్ అన్నాడు, "కొంచెం కొంచెమే, మేడం."

అక్కడ ఆగితే బాగుండేది. ఏ ఊళ్లో, ఏ పైపు దగ్గర, ఆనాడు ఎండ ఎలా ఉందో కూడా చెప్పుకుపోయాడు.

"వీడు అబద్ధం చెప్తున్నడమ్మా" అన్నాను.

"ఊకో తాతా. పులితోని రైలెక్కినోనివి, నీ మాట ఎవరు నమ్ముతరు?" అన్నాడు అమ్జద్.

రెబెక్క ఇంకోసారి అడిగింది. అతను అదే చెప్పాడు. ఆమె అదే రాసుకుంది.

తిరుగు రైల్లో నాకు నిజం చెప్పాడు. "లైసెన్సు పోతే బాల్‌రాజన్న ఏం తింటడు? నాకైతే నాయిన మిషనుంది" అన్నాడు. డాక్టరుకు చెప్పేస్తానన్నాను. "చెప్పుకో. నేను కాదంట" అన్నాడు. మర్నాడు ఫోన్ చేశాను. "ఆయన నోటితోనే చెప్పాలె తాతా" అంది రెబెక్క.

అమ్జద్ ఆ పని మానేసి తన తండ్రి మిషను దగ్గర చేరాడు. పెట్టె మాత్రం పనిలోనే ఉంది.

ఎండాకాలం దౌల్తాబాద్ వైపు నీళ్ల పైపుల దగ్గర కొక్కెం మళ్లీ ఊడింది. గొట్టంలో బిళ్ల ఉందని తెలియక బాల్‌రాజ్ రెండు చేతులతో గొట్టాన్ని చుట్టచుట్టాడు. కొన్నాళ్లకు వేళ్లు బొబ్బలెక్కాయి, తర్వాత నల్లబడ్డాయి. హైదరాబాద్‌లో కుడిచేతి వేళ్లన్నీ తీసేశారు. ఎడమచేతికి రెండు మిగిల్చారు.

ఆ కబురు విన్న రోజే అమ్జద్ రెబెక్క దగ్గరికి పోయి నిజం చెప్పాడు. పెట్టెకు సీలు పడింది. తర్వాత మేమిద్దరం ఆస్పత్రికి వెళ్లాం. బాల్‌రాజ్ కట్లు కట్టిన చేతులు దుప్పటి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నా కోసం అబద్ధమాడినవట."

"నువ్వే గదన్నా చెప్పొద్దన్నవ్."

"నేను భయపడి అన్న. నువ్వెట్ల ఇన్నవ్ రా?" బాల్‌రాజ్ చేతుల వైపు చూసుకున్నాడు. "నౌకరి పోతుండె, గంతే. చేతులుంటుండె."

నర్సు అన్నం పళ్లెం పెట్టి పోయింది. అమ్జద్ పప్పు కలిపి ముద్ద పట్టుకుంటే బాల్‌రాజ్ మొహం తిప్పుకున్నాడు. అమ్జద్ చెయ్యి దించలేదు. చివరికి ఆకలికి తాళలేక, మావైపు చూడకుండానే, బాల్‌రాజ్ నోరు తెరిచాడు.