మగ్గాలు ఆపి విన్న పాట

2019 జూన్ 17, సోమవారం, ఉదయం సరిగ్గా ఆరు గంటలకు తిరుపతిలోని ఒక ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో కేంద్రంలో నేను మొదటిసారి మైకు ముందు మాట్లాడాను. "శ్రోతలందరికీ నమస్కారం. ఈ ఉదయం మీకు శుభప్రదం కావాలని ఆకాంక్షిస్తున్నాను" అన్నాను. వారం రోజులు దిద్దుకొని సిద్ధం చేసుకున్న వాక్యాలవి. పాట మొదలు కాగానే మా కేంద్రం అధికారి అద్దాల తలుపు తోసుకొని లోపలికి వచ్చారు.

"ఏంటమ్మా, పెళ్లి శుభలేఖ చదువుతున్నారా?" అన్నారు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేను. నగరి దగ్గరి మా ఊళ్లో నాయన మరమగ్గాల షెడ్డులో కూలికి నేస్తాడు. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు రెండు తెలుగులు వచ్చు: ఇంట్లో మాట్లాడుకునేది ఒకటి, పుస్తకాల్లో రాసేది ఒకటి. మా కేంద్రానికి రెండూ పనికిరాలేదు. "ఉండాది" అంటే పల్లెటూరు, "ఉన్నది" అంటే పాఠం. హైదరాబాదులోని పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన రికార్డింగులు వినిపించి, ఆ పలుకే పలకాలన్నారు. నా పేరు రేడియోకు బరువుగా ఉందని రెండక్షరాల కొత్త పేరు కూడా పెట్టారు. ఉద్యోగం అవసరం కనుక తలూపాను.

మా షెడ్డు రేడియోకు దాని చరిత్ర దానికి ఉంది. నాయన కుర్రతనంలో అందులో ప్రభుత్వ కేంద్రం ఒక్కటే పలికేది. తరువాత మద్రాసు ఎఫ్.ఎం.లు వచ్చాయి. సరిహద్దు ఊరు కావడంతో తమిళ పాటలు గంట కొట్టినట్లు వినిపించేవి. తిరుపతిలో ఎఫ్.ఎం. కేంద్రాలు పెట్టాక కూడా రేడియో ముల్లు మద్రాసు వైపే ఉండిపోయింది, ఎందుకంటే తిరుపతి సరిగా అందదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున నాయన ఏరియల్‌కు రాగి తీగ కట్టి, దాన్ని రేకుల మీదికి లాగి, ముల్లును మా కేంద్రం మీద నిలబెట్టాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మగ్గాల రొదలో పాట ఎటూ సగమే వినిపిస్తుంది. అయినా ఉదయం వేళ నా గొంతు అక్కడ ఉండాలి, అంతే.

ఆ గొంతు నాదంటే తోటి నేతగాళ్లు మాత్రం నమ్మలేదు. ఆ మాటలు అమ్మ నాకు ఫోనులో చెప్పేది.

"ఆ పాప నీ కూతురెట్లయితాదప్పా? పేరే వేరే కదా."

"పేరు వాళ్లు పెట్టినారు."

"బారసాల కూడా వాళ్లే చేసినారా?"

"ఆ పిల్లది పట్నం మాట. నీ కూతురు మన మాటే కదా మాట్లాడేది" అని ఇంకొకాయన. చివరికి ఒక పందెం లాంటిది కుదిరింది. పోగు తెగి ముడి వేసేటప్పుడల్లా నాయన కూనిరాగం తీసే పాత సినిమా పాట ఒకటి ఉంది. షెడ్డులో అందరికీ అది నాయన పాటే. రేడియోలో ఆ పాట వస్తే నమ్ముతామన్నారు.

నాయన నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ వారం ఫోను చేసి అడిగాడు: "నా పాట ఎయ్యిమ్మా. ఒక్కసారి సాలు. వీళ్ల నోళ్లు మూయించల్ల."

వేయడానికి పాట నా చేతిలో లేదు. మా ఆదివారం కార్యక్రమంలో శ్రోతలు కోరిన పాటలు వస్తాయని లోకం అనుకుంటుంది. నిజానికి ఏ పాటలు రావాలో హైదరాబాదు ముందే నిర్ణయించి పంపుతుంది. శనివారం మేము ఫోన్లు ఎత్తి, ఆ పాటలను అడిగేవాళ్లను వెతుకుతాం. వేరే పాట అడిగినవాళ్లను బతిమాలి, మా పాటను వాళ్ల నోట అనిపించి, రికార్డు చేస్తాం. మొదట పాట, ఆ తరువాత దాన్ని కోరిన మనిషి.

పాత పాటలకు కొంత చోటివ్వాలని పెద్ద ఆఫీసుకు సవివరంగా ఒక విజ్ఞప్తి రాశాను. ఇంగ్లీషులో పంపమన్నారు. పంపాను. శ్రోతల మధ్య తాము చేయించిన సర్వేలో అలాంటి పాటలను ఎవరూ కోరలేదని జవాబు వచ్చింది. ఆ సర్వేలో నగరి వైపు ఒక్కరినైనా అడిగారా అని మళ్లీ రాశాను. దానికి నేటికీ సమాధానం లేదు.

నా గొడవ పడలేక మా అధికారి ఒక మధ్యేమార్గం చెప్పారు. "మీ నాన్నగారు ఫోన్ చెయ్యొచ్చు. కూతురన్న మాట ఉంచేద్దాం, బావుంటుంది. పాట మాత్రం లిస్టులోదే."

శనివారం నాయన షెడ్డు బయటికి వచ్చి ఫోను చేశాడు.

"నాయనా, ఆ పాట లేదు. నేను చెప్పే కొత్త పాట అడుగు."

"నాకు తెలీని పాటను నేనెట్లమ్మా అడిగేది?"

"నేను చెప్పినట్లే అను, చాలు."

"సరే. నువ్వు నా కూతురివని మాత్రం నా నోటితో నేనే సెప్తా" అన్నాడు. చెప్పాడు. "ఈ పాప నా కూతురు. తెల్లారితే దీని గొంతు వింటానే మేం మగ్గం ఆడించేది." నేను రికార్డింగును మళ్లీ విని సరిచూసుకొని, అధికారికి అప్పగించి, సాయంత్రం నగరి బస్సు ఎక్కాను.

మా షెడ్డుకు ఆదివారంతో పనిలేదు, సెలవు అమావాస్య నాడే. మగ్గాలు కాసేపు ఆపనివ్వమని నాయన షెడ్డు యజమానిని బతిమాలి ఉంచాడు. కార్యక్రమంలో నాయన వంతు దగ్గరపడగానే ఒక్కొక్క మగ్గమూ ఆగింది. ఆ షెడ్డు కరెంటు ఉండగా నిశ్శబ్దంగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. అందరూ రేడియో వైపు తిరిగారు. నాయన చొక్కా మీది దూది నూగును దులుపుకొని నిలబడ్డాడు, రేడియోకు తాను కనబడతానన్నట్లు.

"హలో, నగరి కాడ నుంచి. ఆ పాట ఎయ్యండి." అంతే. వెనుక ఎవరో నవ్విన శబ్దం కలిపారు. వెంటనే ఒక చీరల దుకాణం ప్రకటన, ఆ తరువాత షెడ్డులో ఎవరికీ తెలియని పాట.

పాట సగం దాటాక ఒకాయన అన్నాడు: "కూతురితో మాట్లాడినట్టు లేదే. కరెంటాఫీసుకు ఫోను చేసినట్టుండాది."

"రేడియోలో పలికే పాప గొంతు నాదే మామా. నాయన చెప్పిన మాట కోసేసినారు" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "పోనీలేమ్మా. మీ నాయన కోసరం సెప్తాండావు."

నాయన పాట పూర్తి కాకముందే వెళ్లి తన మగ్గం ఆడించాడు. తక్కినవాళ్లూ ఆడించారు.

సోమవారం అధికారిని అడిగాను. ఆఖరి నిమిషంలో ఇంకొక ప్రకటన వచ్చిందని, చోటు కావలసి వచ్చిందని చెప్పారు. "అయినా ఆయన యాస మన శ్రోతలకు అర్థం కాదమ్మా."

"మన శ్రోతలు ఎవరు సార్?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగారు.

తరువాతి సంవత్సరం నుంచి మా ఉదయపు కార్యక్రమం హైదరాబాదు నుంచే వస్తున్నది. అక్కడి వాన, అక్కడి ట్రాఫిక్ గురించి తిరుపతి జనం వింటున్నారు. నేను అదే కేంద్రంలో స్థానిక ప్రకటనలు చదువుతున్నాను. షెడ్డులో రేడియో ముల్లు మళ్లీ మద్రాసు వైపుకు మారింది. మార్చినది నాయనే.