జాలీలు బిగించిన పుట్టిల్లు

మా వియ్యపురాలు విశాఖపట్నంలో ఎనిమిదో అంతస్తులో ఉంటుంది. ఆ ఇంటికి చీమ వెళ్లాలన్నా లిఫ్టు ఎక్కాల్సిందే. అలాంటి ఆవిడ ఒకరోజు మా ఆవిడకి ఫోన్ చేసి, చాలా మర్యాదగా, మీ ఇంట్లో పురుగూ పుట్రా ఎక్కువ కదా వదినగారూ, పసిగుడ్డుని అక్కడ ఎలా పడుకోబెడతాం, పురుడు మేమే పోసుకుంటాం అని చెప్పింది. పక్కనే కూర్చుని విన్న నాకు ఒళ్లు మండిపోయింది. మా ఒక్కగానొక్క కూతురి తొలి కాన్పు అత్తారింట్లో జరిగితే, బెల్లం మార్కెట్లో ఇన్నేళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ని, రేపటినుంచి అక్కడ ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

ఆవిడ అన్నది అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ని. కాదు కాబట్టే అంత మంట. మా ఇల్లు అనకాపల్లిలో మునగపాక వెళ్లే రోడ్డు పక్కన ఉంది. వెనక చెరకు తోట, ముందు మురుగు కాలవ. తొలకరి పడితే ఉసిళ్లు వచ్చి లైటు చుట్టూ తిరిగి, రెక్కలు మా కంచాల్లో రాల్చి పోతాయి. వరి వెన్ను తీసే రోజుల్లో ఆవగింజంత పచ్చపురుగులు దీపం కింద కుప్పపడతాయి. చలి మొదలైందా, ఇంకొకటి దిగుతుంది. చూడ్డానికి దోమే. కాళ్లు మాత్రం దారప్పోగులంత సన్నగా, వేలెడు పొడుగు. దాని అసలు పేరు నాకు తెలిసినవాళ్లెవరికీ తెలియదు. పొడుగుకాళ్ల దోమ అంటాం. కుట్టదు, కరవదు, గోడ పట్టుకుని ఊగుతుంది, అంతే. కొట్టబోతే ఒక కాలు మనకి వదిలేసి మిగతా వాటితో ఎగిరిపోతుంది. కిందటేడు మా వియ్యపురాలు మా ఇంట్లో భోజనం చేస్తుండగా ఆవిడ చారులో పడింది అదే. ఇంత సాధువైన ప్రాణి మా వంశం పరువు తీసింది.

నేను ఒక పని పట్టుకుంటే మధ్యలో వదిలే మనిషిని కాను. యుద్ధ ప్రాతిపదికన చర్యలు చేపట్టాను. కిటికీలన్నిటికీ జాలీలు, తలుపులకి అయస్కాంతం తెరలు, నీళ్ల తూముకి గుడ్డ, వెంటిలేటర్లకి కాగితం. కాగితం ఎక్కడ అంటించాలో, సందు ఎక్కడ మిగిలిందో నేను కుర్చీలో కూర్చుని చూపిస్తుంటే, మా ఆవిడ మైదాపిండి ఉడకబెట్టిన జిగురు పట్టుకుని స్టూలెక్కి అంటించేది. పొద్దున్నే వేపాకు పొగ, సాయంత్రం సాంబ్రాణి, గుమ్మాలకి చీమలమందు సుద్దతో గీతలు. దోమల బ్యాటు మాత్రం నేనే పట్టుకునేవాణ్ని. చచ్చినవాటిని ఆవిడ ఊడ్చేది. ఇద్దరం చాలా కష్టపడ్డాం.

వంటింటి కిటికీకి జాలీ వేశాక పోపు ఘాటు బయటికి పోవడం మానేసింది. మా ఆవిడ దగ్గుతుంటే, గొప్ప పనులకి ఇలాంటి చిన్న చిన్న ఇబ్బందులు తప్పవని ధైర్యం చెప్పాను.

ఇల్లంతా బిగించేశాక చూస్తే పురుగులు రెట్టింపయ్యాయి. మొదట నాకు అర్థం కాలేదు. జాలీల మీద ఈగలు, కందిరీగలు గుంపులుగా వాలి ఉన్నాయి, కానీ లోపలి వైపు. సంగతేమిటంటే, మా ఇంటి నడిమి గదిలో బెల్లం దిమ్మలుంటాయి. ఏటా మొదటి సరుకులో రంగు బాగా తిరిగిన దిమ్మలు కొన్ని తెచ్చి, బొట్టు పెట్టి, మళ్లీ కొత్త బెల్లం దిగేదాకా ఆ గదిలోనే ఉంచడం మా నాన్నగారి నాటి ఆచారం. దాని వాసనకి ఊళ్లో ఉన్న ఈగలన్నీ ఎప్పుడో మా ఇంట్లో కాపురం పెట్టాయి. ఇన్నాళ్లూ పాపం వచ్చేవి, పోయేవి. ఇప్పుడు నేను పోయే దారి మూసేశాను.

బెల్లం పెరటి గదిలోకి మార్చేస్తే సరిపోతుంది కదా అంది మా ఆవిడ. లక్ష్మిని పెరట్లో కూర్చోబెట్టే కొంప నాది కాదని చెప్పి, మూత గట్టిగా పట్టే డ్రమ్ములు తెప్పించాను. దిమ్మలు ఒక్కొక్కటీ తుడిచి డ్రమ్ముల్లోకి ఎత్తడానికి, కారిన పాకం కడగడానికి, ఆ గదిలో ఈగలన్నిటినీ తరమడానికి ఆవిడకి చాలా రోజులు పట్టింది. ఆడవాళ్లకి పనిలో చురుకుదనం తక్కువని నేను అప్పుడప్పుడూ అనుకుంటాను.

మొత్తానికి ఇల్లు సిద్ధమైంది. మీరే వచ్చి కళ్లారా చూసుకోండి చెల్లెమ్మగారూ అని కబురు పెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వియ్యపురాలు, మా అమ్మాయిని వెంటబెట్టుకుని కారు దిగింది. అమ్మాయికి ఏడో నెల. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడితే పురుగులు దూరతాయని ఇద్దరినీ గబగబా లోపలికి లాగి తెర వేసేశాను. కిటికీ కిటికీకీ తిప్పి చూపించాను. డ్రమ్ముల మూతలు తట్టి వినిపించాను.

భోజనాల దగ్గర, ఎలా దూరిందో దూరింది, ఒక పొడుగుకాళ్ల దోమ వచ్చి సరిగ్గా వియ్యపురాలి ఎదురుగా గోడ మీద వాలి ఊగడం మొదలెట్టింది. ఇది దోమ కాదు, కుట్టదు అని నిరూపించడానికి దాన్ని పట్టుకుని నా ముంజేతి మీద పెట్టుకున్నాను. అది నాకొక కాలు ఇచ్చి, వెళ్లి ఆవిడ విస్తట్లో బూరె మీద కూర్చుంది.

ఆవిడ దాన్ని చేత్తో మెల్లిగా తోలేసి, బూరె తిని, రెండోది వడ్డించమంది. ఇక ఆగలేక నేనే అడిగేశాను, పురుటికి మా ఇల్లు పనికొస్తుందా రాదా అని. ఆవిడ ఇబ్బందిగా మా అమ్మాయి వైపు చూసి, "నాదేం లేదు అన్నయ్యగారూ. పురుగులున్నాయని అలా చెప్పమంది మీ అమ్మాయే" అంది.

నేను అమ్మాయి వైపు తిరిగాను. పురుగంటే అంత భయం ఎప్పటినుంచి అని అడిగాను.

"పురుగులంటే నాకేటి బయం నాన్నా, ఇక్కడే కదా పెరిగేను" అంది. గొంతు పెంచలేదు. "ఇక్కడ పురుడోసుకుంటే నన్నూ, బిడ్డనీ, నిన్నూ, నీ బెల్లాన్నీ, అందర్నీ అమ్మే సూసుకోవాల. అమ్మ అక్కడికి వత్తే నా పనొక్కటే. అత్తయ్య వంట సేత్తానంది. అమ్మ నా పక్కన కూకుని వేడన్నం తింటాది. అమ్మ వేడన్నం తినగా నేనెప్పుడూ సూడలేదు."

నాకు కోపం వచ్చింది. అంతకంటే భయం వేసింది. ఇంత మాట అంటుంటే మా ఆవిడ ఊరుకోదు, పిచ్చిమాటలు మాట్లాడకే అని కసురుతుంది, నా మర్యాద నిలబెడుతుంది అని వంటింటి వైపు చూశాను.

గుమ్మంలో నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడి అంతా వింది. నా వైపు చూడలేదు. గిన్నె కింద పెట్టి, చెంగుకి చేతులు తుడుచుకుంటూ అమ్మాయిని అడిగింది.

"ఎప్పుడు బయల్దేరాలమ్మా?"