మొదటి ముడి దగ్గర ఆగిన సన్నాయి

కోటిలింగం పెద్దకర్మ ఎల్లుండి అనగా అక్కాతమ్ముళ్ళకి వాదం వచ్చింది. భోజనాల వేళ ఆయన సన్నాయి వినిపించమని ఊళ్ళోవాళ్ళు అడిగారు. ఏది వినిపించాలి?

"రైస్‌మిల్లు వాళ్ళ పెళ్ళి వీడియో పెడదామక్కా. నాన్న అంత బాగా ఇంకెక్కడా వాయించలేదు," అన్నాడు విజయ్‌కుమార్.

"నా పెళ్ళిది పెట్టరా," అంది వాసవి.

"అందులో పాట మధ్యలో ఆగిపోయింది కదా. వచ్చినవాళ్ళకి అదా గుర్తుండాలి?"

తాడేపల్లిగూడెం మార్కెట్ దగ్గర కోటిలింగం సెలూన్. క్షవరం చేసే చేతులే పెళ్ళిలో సన్నాయి పట్టడం ఈ వైపు తరాల నాటి వాడుక. నాలుగూళ్ళు తిరిగిన ఎవరినడిగినా చెబుతారు, ఏ ఊళ్ళోనైనా కబుర్లు ముందు చేరేది మంగలి కుర్చీ దగ్గరికే. ఈయన దగ్గర చేరిన కబురు మాత్రం గుమ్మం దాటేది కాదు. గడ్డం గీస్తున్నంతసేపూ కూనిరాగమే. ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా, చేపల చెరువుల గట్లమీద మోటారు సైకిలేసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు. పిల్లలు పొద్దున లేచేసరికి తలగడ పక్కన పెళ్ళివారి లడ్డూలుండేవి.

"పక్కల నిండా చీమలండీ. వాటికీ మీరే పెళ్ళిళ్ళు చేయండి," అనేది భార్య కనకరత్నం.

వాసవికి చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక. తన మెడలో తాళి పడేటప్పుడు నాన్నే వాయించాలి. పెళ్ళి కుదిరాక అడిగింది.

"కన్యాదానం చేసేవాణ్ణి పీటల మీద ఉండాలి కదమ్మా."

"దానం అయ్యాక లేవచ్చు కదా నాన్నా?"

పురోహితులు పట్టాభిరామయ్యగారు నవ్వారు. "లేవచ్చోయ్. నీ కాళ్ళు కట్టెయ్యమని ఏ శాస్త్రంలోనూ లేదు."

ముహూర్తం వేళ కోటిలింగం పట్టుపంచెతోనే మేళం వైపు నడిచి సన్నాయి అందుకున్నాడు. గట్టిమేళం లేచింది. మొదటి ముడి పడింది. అక్కడే సన్నాయి ఆగిపోయింది. ఊదడానికి కావలసిన ఊపిరే ఏడవడానికీ కావాలి. ఊరందరి ఆడపిల్లల పెళ్ళిళ్ళలోనూ ఆ మనిషికి ఊపిరి చాలింది. మిగతా రెండు ముళ్ళూ ఒట్టి డోలు మీదే పడ్డాయి.

"పాడుచేశానమ్మా," అన్నాడు అప్పగింతలప్పుడు.

"డోలుంది కదా నాన్నా," అంది వాసవి. అంతకంటే ఏమనాలో ఆ రోజు ఆమెకు తోచలేదు.

ఇప్పుడు తమ్ముడితో వాదన పెంచలేదు. ఫోనులో తన పెళ్ళి వీడియో పెట్టింది. రాగం సాగింది, ఆగింది. డోలు మోత వెనక ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు. వంటింట్లోంచి కనకరత్నం వచ్చి నిలబడింది.

"ఆయనే. ఇంకోసారి పెట్టవే."

ఇంకోసారి విన్నారు. విజయ్‌కుమార్ కళ్ళు తుడుచుకున్నాడు.

"సరే. ముందు రైస్‌మిల్లు వాళ్ళది, తర్వాత నీదీ పెడదాం."

"లడ్డూలు వడ్డించేటప్పుడు దీనిదే పెట్టండి," అంది కనకరత్నం.