ఇంటి గింజల సాలు

మార్చి వస్తే గుంటూరు గాలంతా మిరపఘాటే. కిటికీలు మూసినా మా ల్యాబ్‌లోకి వచ్చేది. మధ్యాహ్నం పూట మైక్రోస్కోప్‌లో కళ్లు పెడితే నాకు గదీ గోడా గుర్తుండేవి కావు. గులాబీరంగు నేల, దాని మీద నీలం చుక్కలు. ఆ నేల మీద ఎంతసేపైనా తిరగొచ్చనిపించేది.

ఆ రోజు తిరిగింది దర్శి నుంచి వచ్చిన ఒకావిడ కడుపులోంచి తీసిన ముక్కలో. గడ్డ కణాలకి ఏ జాతి పోలికా లేదు. కడుపు లోపలి పొరలో పుట్టిన క్యాన్సరైతే కడుపు తీసెయ్యాలి. సర్జన్ గారు ఆపరేషన్ గురువారానికి పెట్టుకున్నారు. తెల్లకణాల్లో పుట్టిన లింఫోమా అయితే కత్తి అక్కర్లేదు, మందులకే లొంగొచ్చు. తేల్చడానికి జాతికొకటి చొప్పున రెండు రంగు పరీక్షలు వేశాం. ఏ జాతిదైతే ఆ స్లైడ్‌లో కణాలకి కుంకుడుకాయ రంగు ఎక్కాలి. రెండింట్లోనూ ఎక్కలేదు. కడుపులో ఎక్కువగా వచ్చేది మొదటి రకమే కదా అని అదే రాసేశాను. ఇక సంతకమే మిగిలింది.

అప్పుడే ఆవిడ భర్త గుమ్మంలోకి వచ్చాడు. మిరప రైతు. అప్పటికది మూడోసారి.

"రిపోర్టు అయిందామ్మా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఎన్నిసార్లు అడుగుతారండీ? ఏ రంగూ ఎక్కలేదు. జాతి తెలీట్లేదు," అని కసిరాను.

ఆయన కదల్లేదు. "మిరపనారూ అంతేనమ్మా, మొలకప్పుడు ఏ జాతో చెప్పలేం. కొత్త ప్యాకెట్ గింజలు పోసేటప్పుడు పక్కనే మేం దాచుకున్న ఇంటి గింజలు ఓ సాలు పోస్తాం. ఇంటివి మొలిచి ప్యాకెట్‌వి మొలవకపోతే ప్యాకెట్‌దే తప్పు. రెండూ మొలవకపోతే మడిలోనే ఏదో తేడా. మీరూ అట్టాంటి సాలు పోస్తారుగా?"

"పోస్తామండీ," అన్నాను. అనేసి గతుక్కుమన్నాను.

నిజంగానే పోస్తాం. ప్రతి స్లైడ్ అంచునా రంగు తప్పకుండా ఎక్కే టాన్సిల్ ముక్క ఒకటి పెడతాం. నేను దాని వంక చూడనే లేదు. వెంటనే లింఫోమా స్లైడ్ జరిపి చూశాను. తెల్లకణాలతో నిండి ఉండే టాన్సిల్‌కి చుక్క రంగు కూడా లేదు. రంగు మందే పని చెయ్యలేదన్నమాట. రిపోర్టు చింపేశాను.

మర్నాడు ఆ పరీక్ష మళ్లీ వేశాం. టాన్సిల్ రంగెక్కింది. దాని పక్కన ఆవిడ ముక్క కూడా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కుంకుడుకాయ రంగే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటు వల్లే అనుకున్నాను గానీ, అది సిగ్గు. చాలాసేపు ఆ రంగులోనే తిరుగుతూ ఉండిపోయాను.

బయటికొచ్చి ఆయనకి చెప్పాను. "కడుపు తియ్యక్కర్లేదండీ. డాక్టర్లు మందులతో చూద్దామంటారు."

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. "ఇంటి సాలు మొలిచిందామ్మా?" అనడిగాడు.

"ఇవాళ మొలిచిందండీ. నిన్న మొలవలేదు. అది చూడకుండానే సంతకం పెట్టబోయాను."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచాడు.

"ఆ మాట మా ఆవిడతో అనమాకండమ్మా," అన్నాడు. "భయపడుద్ది."