తుమ్మకట్టె మీద నిలిచిన ఇంగ్లండు కారు

2018 జూన్. తొలకరి పడి మక్తల్ చుట్టూ కంది విత్తనాలు వేస్తున్న రోజులు. మహబూబ్‌నగర్‌లో నేను మోటారు సర్వేయర్‌గా పని మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. సర్వేయర్ అంటే పొలాలు కొలిచేవాడని చాలామంది అనుకుంటారు. మేము చూసేది బండ్లను. ప్రమాదంలో దెబ్బతిన్న వాహనానికి నష్టమెంతో ఇన్సూరెన్స్ వాళ్లకు రాసివ్వడం, పాత వాహనం అమ్మేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించి వాల్యుయేషన్ రిపోర్టు, అంటే విలువ పత్రం, ఇవ్వడం మా పని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు. అందుకే ఆ ఫోన్ బాగా గుర్తుండిపోయింది.

“సారూ, మక్తల్ నుంచి సుగుణమ్మ టీచర్ను మాట్లాడుతున్న. మా ఇంట్ల ఒక కారున్నది. ఇద్దరే కూసునే కారు. దానికి ధర కట్టియ్యాలె.”

“ఎక్కడి కారమ్మా?”

“ఇంగ్లండుది. సంస్థానం రాజుగారిదట. మా ఆయన చెప్పేటోడు.”

నాకు నవ్వొచ్చింది. పాలమూరులో పాత కారు కనిపిస్తే చాలు, ఏదో ఒక సంస్థానం రాజుకు అంటగడతారు. అట్లాంటి ‘రాజుగారి కార్లు’ అప్పటికి నేను నాలుగు చూశాను. ఒక్కటీ రాజుది కాదు. ఇదీ అంతేనని అనుకుంటూనే మరునాడు పొద్దున బస్సెక్కాను.

టీచరమ్మకు డెబ్బై దాటాయి. రిటైరై చాలా ఏళ్లయింది. భర్త వెంకట్ రెడ్డి పల్లీల వ్యాపారం చేసేవాడు. ఆయన పోయి ఆరేళ్లు. ఆమె గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ ఇంటి వెనక షెడ్డు దాకా నా వెంట వచ్చింది.

“రెండు మోకాళ్లూ అరిగినయి సారూ. ఆపరేషన్ చెయ్యాలన్నరు. బిడ్డ పైసలిస్తనంటది గని నాకే మనసొప్పుతలేదు. హైదరాబాద్ల ఒకాయనకు పాత కార్ల పిచ్చట. ఆయన మనిషి వచ్చి చూసి పోయిండు. అంతా ఒరిజినలే అని సర్వేయర్ రాసిస్తే రెండు మోకాళ్లకూ సరిపోయేటంత ఇస్తమన్నరు.”

టార్పాలిన్ తీశాను. పొడుగాటి బానెట్, ముందుకు మడిచి పడుకోబెట్టే అద్దం, సైకిలు చక్రానికి ఉన్నట్టు పుల్లలున్న వైర్ వీల్స్, మోచెయ్యి బయట పెట్టుకోవడానికి కిందికి వంపు తీసిన తలుపులు. ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగయింది. బొమ్మల పుస్తకాల్లో తప్ప అట్లాంటి కారును అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. కాసేపు పని మర్చిపోయి దాని చుట్టూ తిరిగాను.

“పెండ్లయిన కొత్తల దీన్ని తెచ్చిండు,” అన్నది టీచరమ్మ. “మా అత్త ఒకటే తిట్టుడు, ఇంటెడు మందికి ఇద్దరు కూసునే బండేందిరా అని. ఆయన రోజూ నన్ను దీంట్లనే బడికి దించేది. పిల్లలంత గేటు కాడ నిలవడి చూస్తుండిరి. నాకు సిగ్గయ్యేది.” ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె ముఖంలో ఆ సిగ్గు కనిపించింది.

మొదట కాగితాలు చూశాను. ఆర్‌సీ పుస్తకం పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి. మొదటి యజమాని రాజు కాదు. రాయచూరు పత్తి మిల్లులో పనిచేసిన ఒక తెల్లదొర ఇంజనీరు. ఆయన దేశం విడిచి వెళ్తూ ఒక వ్యాపారికి అమ్మితే, ఆ వ్యాపారి దగ్గర వెంకట్ రెడ్డి కొన్నాడు. ఆ తర్వాత ఛాసిస్ నంబర్ చూశాను. ఛాసిస్ అంటే బండికి వెన్నెముక లాంటి ఇనుప చట్రం. దాని మీద కొట్టిన అంకెలు, ఇంజన్ దగ్గర రివెట్లు వేసి బిగించిన ఇత్తడి రేకు మీది అంకెలు, పుస్తకంలోని అంకెలు మూడూ కలిశాయి. ఇంజన్ నంబరూ కలిసింది. రాజుగారి కథ అబద్ధమే గాని ఇంగ్లండు మాట నిజం.

ఇక మిగిలింది బాడీ. నా జేబులో గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఎప్పుడూ ఉంటుంది. సొట్ట పడిన చోట పుట్టీ నింపి రంగు వేసి ఉంటే అక్కడ అయస్కాంతం పట్టదు. ఈ కారు మీద ఎక్కడ పెట్టినా గట్టిగా అతుక్కుంది. పుట్టీ అన్నదే లేదు. సంతోషంగా ముందు మడ్‌గార్డుల లోపలికి చెయ్యి పెట్టి తడిమాను. కుడివైపు నున్నగా ఉంది. ఎడమవైపు చేతికి సన్నని అలలు తగిలాయి. సుత్తి దెబ్బలు. టార్చి వేసి మట్టి గీకితే, సాపు చేసినా చెరగని ఒక గుండ్రటి గీత కనిపించింది. నూనె డ్రమ్ము నడుం చుట్టూ ఉండే గీత అది.

ఈ రకం కార్లకు రేకు కింద కట్టె చట్రం ఉంటుంది. ఇంగ్లండులో యాష్ అనే తెల్లటి కట్టె వాడేవారు. కుడి తలుపు లోపలి అట్ట విప్పితే ఆ తెల్లకట్టే ఉంది. ఎడమ తలుపు విప్పాను. ముదురు ఎరుపు, గోధుమ కలిసిన రంగు. గోరు దిగలేదు. అది ఏ కట్టో చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. మాది కట్టంగూర్. మా నాయిన ఒక ఆసామి దగ్గర జీతానికి, అంటే పాలేరుగా, ఉన్నప్పుడు బండ్లు చేయించడానికి వడ్లాయన (వడ్రంగి) కొట్టానికి తుమ్మ మొద్దులు మోసేవాడు. ఆ మొద్దుల మీద కూర్చునే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. ఇంగ్లండు కారు ఎడమ సగం ఎడ్లబండికి వాడే నల్లతుమ్మ మీద నిలబడి ఉంది.

“టీచరమ్మా, ఈ పక్కంతా ఇక్కడ చేసిందే. ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలింది.”

ఆమె తలుపు దాకా వచ్చి ఆ కట్టెను చూసింది. “ఇంక ఎవరు చేస్తరు, దస్తగిరే,” అని ఫోన్ తీసింది.

దస్తగిరి మోపెడ్ మీద వచ్చాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. బస్టాండు వెనక డెంటింగ్ షాపు, అంటే సొట్టలు తీసే కొట్టం, ఆయనది. విప్పి ఉన్న తలుపు చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. టీచరమ్మ వైపు చూడకుండా నాతో అన్నాడు.

“వెంకట్ రెడ్డి పటేలు ఒట్టేయించుకుండు సారూ. ఇన్నేండ్లు ఎవలకూ చెప్పలే.”

“ఇంగ చెప్పు,” అన్నది టీచరమ్మ. “ఒట్టేయించుకున్నోడే పాయె.”

ఆమె తొలికాన్పుకు కోస్గిలో తల్లిగారింటికి పోయినప్పుడు జరిగిందట. రాయచూరు నుంచి వస్తుంటే టైరు పగిలి కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. వెంకట్ రెడ్డికి గీరుడు కూడా తగల్లేదు. ఎడమవైపు మాత్రం నుజ్జయింది.

“కబురొస్తే నేను ఉరికిన. పటేలు ఆ ఎడమ సీటు పట్టుకొని రోడ్డు మీదనే కూసున్నడు. ‘ఆమె ఈడ కూసుంటది దస్తగిరీ, ఆమె ఈడ కూసుంటది’ అని ఒకటే మాట. ‘టీచరమ్మకు తెలిస్తే మళ్ల ఎక్కది. బిడ్డను ఎత్తుకొని వచ్చేసరికి కారు ఎట్లుండెనో గట్లనే ఉండాలె’ అన్నడు. నాకప్పుడు ఇరవై ఐదేండ్లు. రేకు యాడ దొరుకుతది? డ్రమ్ములు కోసిన. ఇసుక సంచి మీద పెట్టి కొట్టి కొట్టి, కుడి పక్క చూసుకుంట ఎడమ పక్క చేసిన. కట్టె పనంత వడ్ల బాలయ్యది. ఇప్పుడాయన లేడు. మూడు నెలలు వట్టింది.”

దస్తగిరి తలదించుకున్నాడు. టీచరమ్మ ఎడమ తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

“నాకు తెల్వదనుకున్నరా ఇద్దరు?” అన్నది. “బిడ్డను ఒళ్లె పెట్టుకొని ఎక్కిన దినమే తెలిసింది. తలుపేస్తే సప్పుడు వేరేగొచ్చింది. అంతకు ముందు పల్చగుండె, అప్పుడు బరువుగ వచ్చింది. ఆయన ముఖం దిక్కు చూసిన. ఊరికెనే నవ్విండు. ఏదో అయిందని తెలుసు. సగం కారే చేసిన్రని మాత్రం ఇయ్యాల్నే తెలిసింది.”

“మరి ఎందుకు అడగలేదు?” అన్నాను.

“అడిగితే అబద్ధమాడుతుండె. ఎందుకు ఆడియ్యాలె?”

ఆ సాయంత్రమే హైదరాబాద్ ఆయన మనిషి నాకు ఫోన్ చేశాడు. సంగతి చెప్పాను. “సార్, లోపలి కట్టె ఎవరు చూస్తరు? ఆ ముక్క రాయకండి. ముసలామెకే మంచిది కదా,” అన్నాడు. నా వృత్తిలో ఇట్లాంటి మాటలు చాలా విన్నాను. వాటిని కాదనడానికి ఎప్పుడూ కష్టపడలేదు. ఆ రోజు కష్టమైంది. గోడ పట్టుకుని నడిచిన ఆ నడక కళ్లముందే ఉంది. రెండు రోజులు రిపోర్టు ముట్టుకోలేదు. మూడో రోజు టీచరమ్మకే ఫోన్ చేసి, “ఉన్నదున్నట్టు రాస్తే ధర బాగా పడిపోతుందమ్మా,” అని చెప్పాను. ఆమె ఏమనాలని ఆశపడ్డానో నాకే తెలియదు.

“రాయకుంటే ఏమైతది?”

“కొన్న తర్వాత ఒక రోజు ఆయన తలుపు విప్పుతాడు. నా సంతకం చూస్తాడు. మిమ్మల్నీ అనుమానిస్తాడు.”

“ముప్పై మూడేండ్లు పేపర్లు దిద్దిన సారూ. రాని మార్కులు ఒక్కనికీ వెయ్యలే. నాకు నువ్వెట్ల వేస్తవు? రాయి. గని ఒకటి. దస్తగిరి పేరు, బాలయ్య పేరు రాయాలె. ఊకె ‘రిపేర్ అయింది’ అని రాస్తే ఊకోను.”

మా రిపోర్టు ఫారంలో రిపేర్ల కాలమ్ ఉంటుంది. అందులో రాసే ప్రతి ముక్కా విలువను తగ్గించేదే. చేసిన వాళ్ల పేర్లు అక్కడ నేనెప్పుడూ రాయలేదు. ఆ రోజు రాశాను. ‘ఎడమవైపు బాడీ మొత్తం మక్తల్‌లో చేతితో తయారైంది. రేకు పని దస్తగిరి, కట్టె పని కీర్తిశేషులు వడ్ల బాలయ్య. నలభై ఏళ్లకు పైగా వాడినా కీలు కదలలేదు, కట్టెకు పురుగు పట్టలేదు.’ విలువ మాత్రం పద్ధతి ప్రకారం తగ్గించే వేశాను.

బేరం పోయిందనే అనుకున్నాను. పది రోజులకు హైదరాబాద్ ఆయన మనిషిని పంపకుండా తానే మక్తల్ వచ్చాడు, నన్నూ రమ్మన్నాడు. ప్యాంటు పాడవుతుందని కూడా చూడకుండా కారు కింద దూరి గంటసేపు టార్చి వేసి చూశాడు. బయటికొచ్చి, “దస్తగిరి గారు అంటే ఎవరు?” అని అడిగాడు. దస్తగిరి ఇసుక సంచి తెచ్చి, పాత రేకు ముక్కను దాని మీద పెట్టి వంపు ఎట్లా తిప్పాడో కొట్టి చూపించాడు. ఆయన చిన్నపిల్లాడిలా పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. చివరికి నేను వేసిన విలువ కంటే కొంత ఎక్కువే ఇచ్చాడు. ముందు అనుకున్నంత మాత్రం కాదు. ఇంగ్లండు నుంచి యాష్ కట్టె తెప్పించి ఎడమవైపు మారుస్తారా అని టీచరమ్మ అడిగితే, “దేనికమ్మా? ఉన్నది బలంగానే ఉంది,” అన్నాడు.

ఆ డబ్బు ఒక మోకాలికే సరిపోయింది. రెండోదానికి ఆమె మరో ఎనిమిది నెలలు పెన్షన్ కూడబెట్టుకుంది. ఆ ఎనిమిది నెలలూ నాకు మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఒకసారి ఫోన్‌లో ఆ మాట అంటే కసిరింది. “నా కాలి ఫికర్ నాకున్నది గని నీకెందుకయ్యా? నీ పని నువ్వు చేసినవు.”

దస్తగిరి ఒకరోజు రిపోర్టు నకలు కోసం మహబూబ్‌నగర్ దాకా వచ్చాడు. చదవడం రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపిస్తే దాని మీద వేలు పెట్టి, “బాలయ్యది?” అన్నాడు. పక్కనే ఉన్న పేరు చూపించాను. “బాలయ్య కొడుకుకు గూడ ఒక కాయితమియ్యి సారూ,” అని ఇంకో నకలు తీయించుకుని పోయాడు.

అంతవరకు నాకు రిపేర్ అంటే విలువలోంచి తీసేసే అంకె. బండికి దెబ్బ ఎక్కడ తగిలిందో వెతకడమే నా పని అనుకున్నాను. దాన్ని మళ్లీ నిలబెట్టిన మనిషి ఒకడు ఉంటాడని, దెబ్బ కంటే ఆ పనే బండి గురించి ఎక్కువ చెబుతుందని ఇరవై రెండేళ్లలో నాకు తట్టలేదు. ఇప్పుడు ట్రాక్టరైనా, ఆటో అయినా ఆ కాలమ్ దగ్గరికి రాగానే, “ఇది చేసిందెవరు?” అని అడుగుతాను. చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు చెబితే, ఆ పేరు రాసిన తర్వాతే సంతకం పెడతాను.