అరచేతిలో మోగిన వైబ్రేటర్

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. రేడియో మెకానిక్‌ని. ఏది ఆగినా దానికో కారణం ఉంటుందని నమ్మి బతికినవాణ్ణి. ఈ సంగతి కూడా అలాగే తేలిపోతుందనుకున్నాను.

అరవైల్లో నిజామాబాద్‌లో నాకో చిన్న రిపేరు షాపు ఉండేది. బోధన్ వైపు చాలా ఊళ్ళకు అప్పటికింకా కరెంటు రాలేదు. అక్కడ వాల్వు రేడియోలు కారు బ్యాటరీ మీద నడిచేవి. లోపల వైబ్రేటర్ అని గుప్పిట్లో పట్టే రేకు డబ్బా ఉంటుంది. అందులో సన్నటి ఇనుప నాలుక జుయ్యిమని కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును తెంపుతూ, కలుపుతూ ఉంటేనే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచగలదు. ఆ దెబ్బ కాచుకోవడానికి పక్కనే ఒక కండెన్సర్.

వెంకట్రావు కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద చెరకు వేసుకున్న రైతు. అతని రేడియోలో ఆ కండెన్సరే మళ్ళీ మళ్ళీ పేలిపోయేది. నా షాపులో రోజంతా పాడేది. ఇంటికి తీసుకెళ్తే మూగబోయేది.

"మా వదినే ఏదో కెలుకుతోందయ్యా," అన్నాడొకసారి. "అన్నయ్య రేడియో నేను వినడం ఆవిడకి ఇష్టం లేదు. నువ్వొచ్చి చూసి చెప్పు, పుట్టింటికి పంపించేస్తా."

అతని అన్న పాము కరిచి పోయి ఏడాది కాలేదు. వదిన వెళ్ళిపోతే పొలమంతా ఇతనిదే. నాకు అనుమానం ఆమె మీద కాదు, ఇతని మీదే కలిగింది. ఒక మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళాను.

బ్యాటరీ బాగానే ఉంది. వైర్లు తారుమారు కాలేదు. కండెన్సర్ మార్చాను, వైబ్రేటర్ కూడా కొత్తది వేశాను. వెనక మూత స్క్రూల మీద లక్క కరిగించి పోసి నా ఉంగరంతో ముద్ర నొక్కాను. ఇద్దరం దాని ఎదురుగానే కూర్చున్నాం. వదిన వంటింట్లో పిండి కలుపుతోంది.

కాసేపు పాటలు వచ్చాయి. తర్వాత టప్‌మని చప్పుడు, కాలిన వాసన. లక్క ముద్ర వేసింది వేసినట్టే ఉంది.

"అక్క గీ దిక్కే రాలేదన్న. ఇగ గామెనెట్ల అంటవు?" అన్నాను.

నేను బ్యాటరీ వైర్లు పీకేసి, మూత తీసి, వైబ్రేటర్‌ను ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాను.

అది మోగుతోంది. తుమ్మెదను పట్టుకున్నట్టు వేళ్ళు జివ్వుమన్నాయి. నా భ్రమేమోనని వెంకట్రావు చేతిలో పెట్టాను.

"ఇదేంటయ్యా, కొట్టుకుంటోంది!" అని వదిలేశాడు. నేల మీద కూడా మోగుతూనే ఉంది.

ఆ చప్పుడుకు వదిన పిండి చేతులతోనే వచ్చింది. "రేడియో పలుకుతోందా తమ్ముడూ?" అని నన్నడిగి, వంగి దాన్ని తీసింది. ఆమె చేతిలోకి వెళ్ళగానే ఆగిపోయింది.

"అన్నయ్య రేడియో ఇక వదినదే," అన్నాడు వెంకట్రావు. నేను వేరే వైబ్రేటర్ వేసి బాగుచేసిన ఆ రేడియోను అతనే మోసుకెళ్ళి వదిన గదిలో పెట్టాడు. అది మళ్ళీ రిపేరుకు రాలేదు. పుట్టింటి మాట కూడా మళ్ళీ ఎత్తలేదని కొన్నాళ్ళకు బోధన్ బజారులో కనిపించినప్పుడు ఆమే చెప్పింది.

ఆ మోగిన వైబ్రేటర్‌ను షాపుకు తెచ్చి డబ్బా కోసి చూశాను. లోపలి నాలుక కరిగి పక్క ముక్కకు అతుక్కుపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తినా కదల్లేదు. కదలనిది, వైరే లేనిది, ముగ్గురికి వినిపించేలా ఎలా మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తోటి మెకానిక్కులను అడిగితే అలా జరగనే జరగదన్నారు. వాళ్ళు వచ్చి నాకు చెప్పి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.