గుడి జరిగిన కాగితం

రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక, ఎర్రసిరా గారు ఒక పాత కాగితం వెనకవైపు తన సంతకం పెట్టేవారు. ఒక్కటే. దాన్ని నిన్నటి సంతకం పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని చూసుకునేవారు. ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయినా ఆ అలవాటు మానలేదు.

"నిన్నటి మనిషే, నేను సాక్షిని. టీ చల్లారిపోతోంది," అనేది భార్య.

ఆయన నవ్వేవారు కాదు.

ప్రభుత్వ ఖజానా ఆఫీసులో పింఛనుదారుల కాగితాలు చూసే గుమాస్తా ఆయన. ఏడాదికోసారి పింఛనుదారులు వచ్చి ఎదుట సంతకం చేస్తే, పాత రిజిస్టరులోని సంతకంతో పోల్చి, "సంతకం సరిపోలినది" అని ఎర్రసిరాతో రాసేవారు. ఆ పేరు అలా వచ్చిందే. ముసలివాళ్లకి తన కుర్చీ ఇచ్చి, కాగితం జారకుండా అంచు పట్టుకుని నిలబడేవారు. ముప్ఫై ఏళ్లు అలా గడిచాయి. ఎవరి చేతా ఒక్క మాట పడలేదు.

ఆ తర్వాత ఒక పాడు కాలం వచ్చింది. మిల్లులు వారానికి మూడు రోజులే నడిచాయి. కొట్లకి తాళాలు పడ్డాయి. ఇళ్లు కొనేవాళ్లూ లేరు, బళ్లు కొనేవాళ్లూ లేరు. ప్రభుత్వానికి రావలసిన పన్ను సగం కూడా రాలేదు. పెట్రోలు మీద ఓసారి, సిమెంటు మీద ఓసారి పన్ను పెంచారు. ఉన్న బేరాలు కూడా పోయాయి.

"పన్ను పెంచితే కొట్టువాడు మూస్తాడు, పెంచకపోతే మనల్ని మూస్తారు," అన్నాడు పక్క బల్ల గుమాస్తా. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఒకనాడు అధికారి అందర్నీ గదిలోకి పిలిచి తలుపు వేయించాడు.

"బల్లకి నలభై కాగితాలు వెనక్కి వెళ్లాలి. ఏదో ఒక లోపం చూపించండి. మూడు నెలలు చెల్లింపులు ఆగితే చాలు, ఏడాది గట్టెక్కుతాం. ఇది రాతలో ఉండదు. మాటే."

"లోపం లేకపోతేనండీ?" అన్నారు ఎర్రసిరా గారు.

"వెతికితే దొరకని లోపం ఉంటుందా?"

అధికారి పెట్టిన గడువు రోజు మధ్యాహ్నానికి ఆయన బల్ల మీద వెనక్కి పంపే కాగితాలు ముప్ఫై తొమ్మిది అయ్యాయి. అప్పుడే వచ్చింది గంటమ్మ.

ఆవిడ బడిలో గంట కొట్టిన మనిషి. ఆయన చదువుకున్న బడే. వాన పట్టేలా ఉంటే, పిల్లలు తడవకుండా ఇల్లు చేరాలని, ఆఖరి గంట కాస్త ముందే కొట్టేసేది. హెడ్‌మాస్టరు చేత ఎన్ని తిట్లు తిన్నా మానలేదు. ఆయన ఆవిడని గుర్తుపట్టారు. వందల మంది పిల్లల్లో ఒకడైన ఆయన ఆవిడకి గుర్తులేరు.

వణికే చేత్తో సంతకం పెట్టింది. అక్షరాలు కాస్త వంగాయి, అంతే. చూస్తే ఆవిడదే. చేతి అలవాటు కొద్దీ ఆయన "సరిపోలినది" అని రాసేశారు కూడా. అంతలో గుమ్మంలో అధికారి కనిపించి, ఇంకొక్కటి అన్నట్టు వేలు చూపించాడు.

సొరుగులోంచి బ్లేడు తీశారాయన. ల మీది గుడి మెల్లగా గీకి, న మీద గుడి పెట్టారు. సరిపోలినది కాస్తా సరిపోలనిది అయింది. రెండు నిమిషాల పని.

"కుదిరిందా బాబూ?"

"లేదమ్మా. మళ్లీ అర్జీ పెట్టుకోవాలి," అని కాగితం వెనక్కిచ్చారు.

"నా సంతకం నాకే కుదరలేదా!" అని పకపకా నవ్వింది గంటమ్మ. "ముసలిదయింది చెయ్యి బాబూ, నేను కాదు. పోనీలే, నీ తప్పేముంది? నేర్చుకుని వస్తా." వెళ్తూ, ఆయన వేళ్లకి అంటిన సిరా చూసి, తన సంచిలోంచి గుడ్డపేలిక తీసి ఇచ్చింది.

మూడు నెలలని చెప్పింది ఐదు నెలలైంది. ఆ తర్వాత ఆవిడ కూతురు ఒక నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి.

"అమ్మ పోయింది బాబాయిగారూ. మందుబిళ్లలు సగం సగం విరిచి వేసుకుందట, నాకు చెప్పలేదు. ఇదిగో, రోజూ ఇదే పని." పుస్తకం నిండా సంతకాలు. పేజీ తిప్పేకొద్దీ అక్షరాలు నిటారుగా నిలబడుతున్నాయి. "ఇంకో వారం ఉంటే వచ్చేసేది, సంతకం."

ఆ పిల్ల మాటలో కోపమన్నది లేదు.

అప్పటి నుంచి ఆ సంతకం ఆయన్ని వదల్లేదు. గోడ బీటలో అదే, కిటికీ అద్దం మీద జారే వాననీటిలో అదే. మబ్బు పట్టిందంటే చాలు, ఎక్కడో బడిగంట మోగేది. "విన్నావా?" అని భార్యని అడిగేవారు. ఆమె తల అడ్డంగా ఊపి, వచ్చి పక్కన కూర్చునేది.

ఈమధ్య ఆయన చెయ్యీ వణకడం మొదలుపెట్టింది. ఒక పొద్దున సంతకం పెట్టి చూసుకుంటే, పేరు ఆయనదే గాని వంపు గంటమ్మది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గంటమ్మ కూతురి కుట్టుకొట్టుకి బయల్దేరారు.

"రండి బాబాయిగారూ! కూర్చోండి, దారాలు జరుపుతా."

"మీ అమ్మకి నేను వెనక్కిచ్చిన కాగితం ఉందా తల్లీ?"

మిషను సొరుగులోంచి తీసిందామె. "పారెయ్యబుద్ధి కాలేదు. అమ్మ ఆఖరి సంతకం కదా."

"వెలుతురుకి పెట్టి చూడు. ల దగ్గర."

చూసింది. "కాగితం పలచబడింది. సూది మోపినా చిరిగేలా ఉంది."

"ముందు సరిపోలినదనే రాశాను. గీకింది నేనే. పైవాళ్లు నలభై కాగితాలు వెనక్కి పంపమన్నారు, నాకొకటి తక్కువైంది. మీ అమ్మ సంతకం ఆ రోజే సరిపోయిందమ్మా."

మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. కాగితం ఒళ్లో పెట్టుకుని అంది, "పుస్తకం నిండా రాసింది కదా బాబాయిగారూ."

"రాసింది తల్లీ."

ఆమె కళ్లు తుడుచుకుంది. లేచి వెళ్లలేదు, ఆయన్ని వెళ్లమనీ అనలేదు. ఆయన జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీసి మూత విప్పారు. మొన అటూ ఇటూ ఊగింది. పెన్ను ఆమె ముందుకు జరిపారు.

"నా చేత్తో గీత నిలవడంలేదమ్మా. ఆ న మీది గుడి కొట్టేసి, ల మీద నువ్వు పెట్టిపెడతావా?"